బావగారి చక్రాలు, నా కారు: ఒక టైర్ల డైరీ

1వ రోజు

మొన్న సాయంత్రం వానలో ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు తొక్కాను. పెడల్ కాలి కింద గడగడలాడింది, అంటే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తన పని తాను చేస్తోంది. కారు ఆగింది కూడా. కాకపోతే నేను ఆగుతుందనుకున్న చోట కాదు, లారీ నెంబరు పలక బోల్టులు లెక్కపెట్టగలిగినంత దగ్గరగా. పక్క సీట్లో మా ఆవిడ ఏమీ అనలేదు. ఇల్లు చేరేదాకా ఏమీ అనలేదు.

ఈ రోజు ట్రెడ్, అంటే రోడ్డుకు ఆనే గాడుల పొర, దాని లోతు కొలిచే గేజి పట్టుకుని నాలుగు టైర్ల ముందూ కూర్చున్నాను. వెనక రెండూ 3.5 మి.మీ. దగ్గర ఉన్నాయి. ముందు కుడి 2.9. ముందు ఎడమ బయటి వైపు 3.0, లోపలి అంచున మాత్రం 1.9. కొత్తగా ఉన్నప్పుడు ఇవి ఇంచుమించు 8 మి.మీ. ఉండి ఉంటాయి. చాలా దేశాల చట్టాలు 1.6 మి.మీ. వరకు ఒప్పుకుంటాయి. గాడుల అడుగున అడ్డంగా ఉండే చిన్న గట్లు ఆ లోతు దగ్గరే ట్రెడ్‌తో సమానమవుతాయి. అంటే చట్టం దృష్టిలో నా టైర్లు ఇంకా బాగున్నట్టే. నా దృష్టిలో అవి గుండు టైర్లు.

టైరు పక్క భాగం, అంటే సైడ్‌వాల్ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు 3118. 2018లో 31వ వారం తయారీ. వయసు కూడా అయిపోయింది. మార్చాల్సిందే.

ఎడమ ముందు టైరు లోపలి అంచు మాత్రమే ఎందుకు అంత అరిగిందని ఒక్క క్షణం అనిపించింది. గాలి చూస్తే 33 ఉండాల్సిన చోట 27 పీఎస్ఐ ఉంది. సరే, గాలి తక్కువై అరిగిందని సర్దిచెప్పుకున్నాను. గాలి తక్కువైతే రెండు అంచులూ అరగాలి కదా అని అప్పుడే ఆలోచించి ఉంటే ఈ డైరీ సగానికి సగం తగ్గేది.

2వ రోజు

నా టైరు మీద ఉన్నది 215/55 ఆర్17 94వి. వెడల్పు 215 మి.మీ., అందులో 55 శాతం అంటే 118 మి.మీ. సైడ్‌వాల్ ఎత్తు, 17 అంగుళాల రిమ్ము. 94 అంటే ఒక్కో టైరు 670 కిలోలు మోయగలదు, వి అంటే గంటకు 240 కి.మీ. వేగానికి తట్టుకోగలదు.

బావగారికి ఫోన్ చేశాను. ఆయనదీ ఇదే కారు, ఇదే మోడల్. ఆయన మాత్రం రిమ్ములు కూడా మార్చి 235/45 ఆర్18 పెర్ఫార్మెన్స్ ఆల్ సీజన్ టైర్లు వేయించారు, అంటే అన్ని కాలాలకూ అని చెప్పే, చురుకైన నడకకు చేసిన రకం. నావి టూరింగ్, సుఖ ప్రయాణానికి చేసిన రకం.

"టూరింగ్ టైర్లు మళ్లీ వేయించకు. పరుపు మీద కూర్చుని బండి తోలినట్టు ఉంటుంది నీ కారు," అన్నారు.

నిజానికి నాకూ అదే అనుమానం. ఏడాదిగా నా స్టీరింగ్ మధ్యలో వదులుగా ఉంటోంది. కొద్దిగా తిప్పితే కారు ఆలోచించుకుని తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. తప్పంతా టూరింగ్ టైర్లదే అనుకున్నాను. అందుకే ఈ ప్రాజెక్టు మొదలైనప్పుడు నా మనసు ముప్పావు వంతు పెర్ఫార్మెన్స్ వైపే ఉంది. రాసి పెట్టుకోవాలి, తర్వాత మాట మార్చకుండా.

4వ రోజు

టూరింగ్, పెర్ఫార్మెన్స్ అనే పేర్లకు చట్టంలో నిర్వచనం లేదు. అవి తయారీదారులు పెట్టుకున్న అంగడి పేర్లు. ఒక కంపెనీ గ్రాండ్ టూరింగ్ అన్నదాన్ని ఇంకొకరు పెర్ఫార్మెన్స్ అనవచ్చు. అయినా ఆ పేర్ల వెనక తయారీలో నిజమైన తేడాలు ఉన్నాయి.

పెర్ఫార్మెన్స్ టైరులో రిమ్మును పట్టుకునే అంచు పైన ఉండే రబ్బరు పట్టీ గట్టిగా, పొడవుగా ఉంటుంది. అందువల్ల సైడ్‌వాల్ తక్కువ వంగుతుంది. భుజాల దగ్గరి దిమ్మెలు పెద్దవి, మలుపులో బరువంతా వాటి మీదే పడుతుంది. ట్రెడ్ తరచుగా కొంచెం తక్కువ లోతుతో వస్తుంది, ఎందుకంటే పొడుగాటి రబ్బరు దిమ్మె ఊగుతుంది, పొట్టిది నిలబడుతుంది. టూరింగ్ టైరులో లోతు ఎక్కువ, సైడ్‌వాల్ మెత్తన, తెగకుండా చుట్టూ సాగే రబ్బరు పట్టీలు ఉంటాయి. శబ్దం తగ్గించడానికి దిమ్మెల పొడవును కావాలనే ఒకదానికొకటి కలవకుండా పేరుస్తారు. అన్నీ ఒకే కొలతలో ఉంటే రోడ్డు మీద ఒకే స్వరం ఈల వేసినట్టు వస్తుంది. పెర్ఫార్మెన్స్ టైర్లలోనూ ఈ ఏర్పాటు ఉంటుంది, కాకపోతే అక్కడ మౌనం మొదటి లక్ష్యం కాదు.

రబ్బరు మిశ్రమం సంగతి నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచింది. రబ్బరు నలిగి తిరిగి లేచేటప్పుడు కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. తడి రోడ్డు మీద పట్టు ఇచ్చేది ఆ గుణమే, పెట్రోలు తినేదీ ఆ గుణమే. మరి రెండూ ఒకేసారి ఎలా బాగుపడతాయి? 80 కి.మీ. వేగంలో నా చక్రం సెకనుకు దాదాపు పది సార్లు తిరుగుతుంది, అంటే ట్రెడ్‌లో ఒక్కో చోట రబ్బరు సెకనుకు పది సార్లు నలుగుతుంది. బ్రేకు వేసి జారే క్షణంలో మాత్రం రోడ్డు గరుకు రబ్బరును సెకనుకు వేల సార్లు పొడుస్తుంది. నెమ్మదిగా నలిగేటప్పుడు తక్కువ శక్తి పోగొట్టుకుని, వేగంగా పొడిచినప్పుడు ఎక్కువ పోగొట్టుకునే రబ్బరు దొరికితే రెండు పనులూ అవుతాయి. నల్ల మసి స్థానంలో సిలికా కలపడం వల్ల అది చాలావరకు సాధ్యమైంది. మిషెలిన్ 1990ల మొదట్లో సిలికా టైర్లను మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు టూరింగ్ అయినా పెర్ఫార్మెన్స్ అయినా ఆధునిక టైర్లలో సిలికా ఉండడం మామూలే. పాళ్లు ఎటు మొగ్గాయన్నదే తేడా.

6వ రోజు

సైడ్‌వాల్ మీది అంకెల రోజు. సైడ్‌వాల్ మీద అంకెలు కనిపిస్తే మనిషి నమ్మేస్తాడు. నేనూ నమ్మాను, ఒక పూట.

అమెరికా నిబంధనల ప్రకారం వేసే ట్రెడ్‌వేర్ అంకె ఉంటుంది: 500, 600, 800 అని. 100 అనే ప్రామాణిక టైరుతో పోల్చి ఇచ్చే అంకె అది. టెక్సాస్‌లో శాన్ ఆంజెలో దగ్గరి రోడ్ల మీద దాదాపు 11,600 కి.మీ. నడిపి, అక్కడి అరుగుదలను బట్టి తయారీదారే లెక్కకట్టి అంకె వేస్తాడు. కాబట్టి 600 అంటే 60,000 కి.మీ. అని కాదు. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకు పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య అంతగా కాదు. దాని పక్కన ఏఏ, ఏ, బి, సి అని ట్రాక్షన్ అక్షరం. అది తడి రోడ్డు మీద చక్రాన్ని బిగబట్టి నేరుగా ఈడ్చి కొలిచింది. మలుపు గురించి, నీటి మీద తేలడం గురించి అది ఒక్క మాట చెప్పదు.

ఐరోపా లేబుల్ నాకు ఎక్కువ ఉపయోగపడింది. 2021 మే 1 నుంచి వచ్చిన కొత్త లేబుల్‌లో ఇంధన పొదుపుకు ఏ నుంచి ఇ వరకు, తడి రోడ్డు మీద పట్టుకు ఏ నుంచి ఇ వరకు తరగతులు ఉంటాయి. శబ్దానికి డెసిబెల్ అంకె కూడా ఉంటుంది, కానీ అది కారు బయట నిలబడ్డవాడికి వినిపించే శబ్దం. లోపల కూర్చున్నవాళ్ల గురించి లేబుల్‌కు పట్టదు.

ఆల్ సీజన్ అనే మాట కూడా ఇలాంటిదే. ఎం ప్లస్ ఎస్ అన్న ముద్ర బురద, మంచు అని చెబుతుంది గానీ అది గాడుల అమరికను చూసి వేసుకునే ముద్ర, పరీక్ష పాసైన గుర్తు కాదు. మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న బొమ్మ వేరు. పేరుకున్న మంచు మీద ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపితేనే అది వస్తుంది. గాజులా గడ్డకట్టిన ఐసు మీద ఏమవుతుందో ఆ బొమ్మ కూడా చెప్పదు. నా దారిలో ఏడాదికి నాలుగైదు రోజులు మంచు పడుతుంది. ఆ నాలుగైదు రోజులూ ఆఫీసు మానలేను కాబట్టి బొమ్మ ఉన్నదే కావాలి.

8వ రోజు నుంచి 29వ రోజు వరకు

నేను ఎలా నడుపుతానో నాకు తెలుసనుకునేవాడిని. ఫోనును డ్యాష్‌బోర్డుకు బిగించి, కుదుపును నమోదు చేసే యాప్‌తో మూడు వారాలు నడిపాను. మొత్తం 1,140 కి.మీ.

పది కిలోమీటర్లలో ఏడు స్థిరంగా 60 నుంచి 90 మధ్య వేగంతో వెళ్లినవే. మలుపుల్లో పక్కకు తోసే బలం భూమ్యాకర్షణలో 0.4 వంతు దాటింది రెండే రెండు సార్లు. పొడి రోడ్డు మీద మామూలు టూరింగ్ టైరు కూడా దాని రెట్టింపు దరిదాపుల దాకా పట్టుకుంటుంది. అంటే పెర్ఫార్మెన్స్ టైరు మలుపులో ఇచ్చే అదనపు పట్టును ఈ మూడు వారాల్లో నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. కాస్త చిన్నబుచ్చుకున్నాను.

బ్రేకుల కథ వేరు. 0.5 దాటి గట్టిగా తొక్కినవి నాలుగు. అందులో మూడు తడి రోడ్డు మీదే, ఒకటి ఉదయం చలిలో. నాకు కావలసినది తడిలో నేరుగా ఆగడం. మిగతావన్నీ దాని తర్వాతే. ఈ వాక్యాన్ని కాగితం మీద రాసి గ్యారేజీ గోడకు అంటించాను.

32వ రోజు

బావగారిని ఒప్పించాను. శనివారం ఆయన నాలుగు చక్రాలూ నా కారుకు, నావి ఆయన కారుకు. రెండు జాకీలు, రెండు కార్లు, ఒక మధ్యాహ్నం. కార్లు మార్చుకుంటే సరిపోదా అని అక్క అడిగింది. కారు ఒకటే ఉండి చక్రాలు మాత్రమే మారితేనే ఏ గుణం దేనిదో తెలుస్తుందని చెప్పాను. "అయితే మధ్యాహ్నం భోజనానికి రారన్నమాట," అంది.

బిగించే ముందు తూకం వేశాను. నా 17 అంగుళాల చక్రం టైరుతో కలిపి 19.8 కిలోలు, ఆయనది 22.3. ఒక్కో మూలకు రెండున్నర కిలోలు, అదీ స్ప్రింగులకు కింద, తిరిగే బరువు. చుట్టుకొలత మాత్రం దాదాపు సమానం: నాది 668 మి.మీ. వ్యాసం, ఆయనది 669. స్పీడోమీటరు తప్పు చూపే భయం లేదు.

ఆయన టైర్లు కాంటినెంటల్ వారి ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్. ట్రెడ్‌లో డి, డబ్ల్యు, ఎస్ అనే అక్షరాలు చెక్కి ఉంటాయి: పొడి, తడి, మంచు. అరుగుతున్న కొద్దీ ముందుగా చెరిగిపోయేది ఎస్. ఆయన ముందు టైర్లలో ఎస్ ఇప్పటికే చివరి దశలో ఉంది. వేలితో తడిమి చూపిస్తే, "మంచులో నేను బయటికి పోనులే," అన్నారు. వేగం అక్షరం వై, అంటే గంటకు 300 కి.మీ. ఆయన 100 దాటడం నేనెప్పుడూ చూడలేదు.

మొదటి మలుపులోనే తేడా తెలిసింది. స్టీరింగ్ తిప్పీ తిప్పగానే ముక్కు తిరిగింది. బాగుంది. చాలా బాగుంది. నవ్వు ఆపుకోలేకపోయాను. కానీ పది కిలోమీటర్లు వెళ్లేసరికి ఒక సంగతి అర్థమైంది: నేరుగా వెళ్లేటప్పుడు మధ్యలో ఆ పాత వదులు అలాగే ఉంది. గట్టిగా బ్రేకు వేస్తే కారు కొద్దిగా ఎడమకు లాగడం కూడా అలాగే ఉంది. నాలుగు చక్రాలూ మారాయి, జబ్బు మారలేదు.

33వ రోజు

తెల్లవారుజామున ఖాళీ రోడ్డు. న్యూట్రల్‌లో వేసి 60 నుంచి 40కి పడేదాకా ఎన్ని సెకన్లో చూశాను, రోడ్డు వాలు కొట్టేసుకుపోయేలా అటు ఇటు మూడేసి సార్లు. బావగారి చక్రాలతో సగటు 31 సెకన్లు. పోయిన వారం నా పాత వాటితో 34.5. పెర్ఫార్మెన్స్ టైరు త్వరగా వేగం కోల్పోతోంది, అంటే దొర్లడానికి ఎక్కువ శక్తి తింటోంది. 80 కి.మీ. వేగంలో లోపలి శబ్దం ఫోను లెక్కలో 69, నా వాటితో 66. ఫోను మైకు నిజమైన డెసిబెల్ చెప్పదు గానీ ఒకే ఫోను, ఒకే చోటు కాబట్టి తేడా వరకు నమ్మవచ్చు.

మధ్యాహ్నం వాన పడింది. తెలిసిన గోదాము ఆవరణలో, యజమాని అనుమతితో, ఎవరూ లేని చోట 50 నుంచి గట్టిగా బ్రేకు వేశాను. శంకువులు, టేపు. బావగారి టైర్లతో సగటు 12.3 మీటర్లు. సాయంత్రం చక్రాలు తిరిగి మార్చుకున్నాక నా వాటితో 15.2. మూడు మీటర్ల తేడా. లారీ నెంబరు పలక గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చి పెర్ఫార్మెన్సే అని నిర్ణయించేసుకుని పడుకున్నాను.

35వ రోజు

నిద్ర పట్టలేదు, ఎందుకంటే లెక్క తప్పు. బావగారి టైర్ల లోతు 5.5 మి.మీ., నావి 3 మి.మీ. ఆయనవి రెండేళ్ల వయసువి, నావి గట్టిపడిపోయినవి. వెడల్పు వేరు, రిమ్ము వేరు. నేను పోల్చింది టూరింగ్‌ను పెర్ఫార్మెన్స్‌తో కాదు, ముసలి టైరును పడుచు టైరుతో. న్యూట్రల్ పరీక్ష కూడా అంతే, తలకిందులుగా: అరిగిన టైరు కొత్తదాని కంటే తేలిగ్గా దొర్లుతుంది, కాబట్టి ఆ పరీక్షలో నా పాతవి అర్హతకు మించిన మార్కులు కొట్టేశాయి.

మలుపులో నవ్వు తెప్పించిన చురుకుదనం కూడా పూర్తిగా టైరు రకానిది కాదు. ఆయన సైడ్‌వాల్ 106 మి.మీ., నాది 118. పైగా ట్రెడ్ సగం అరిగిన టైరు కొత్తదాని కంటే గట్టిగా స్పందిస్తుంది.

లోతు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఒక పాత సూత్రం ఉంది. విమానాల చక్రాలు రన్‌వే నీటి మీద తేలిపోవడం గురించి నాసాలో హోర్న్ అనే పరిశోధకుడు చేసిన పని నుంచి వచ్చింది: పీఎస్ఐలలో గాలి పీడనం వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే తేలిపోయే వేగం, గంటకు మైళ్లలో. 33 పీఎస్ఐ దగ్గర అది దాదాపు 96 కి.మీ. నా ఎడమ ముందు టైరులో ఉన్న 27 దగ్గర 87 మాత్రమే. కారు టైరుకు దీన్ని అంచనాగానే తీసుకోవాలి, పైగా ఇది గాడులు నీటిని మింగలేని స్థితికి వర్తిస్తుంది. 3 మి.మీ. గాడి ఆ స్థితికి ఎంత త్వరగా చేరుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆరు పీఎస్ఐ నిర్లక్ష్యం తొమ్మిది కిలోమీటర్లు తినేసింది.

38వ రోజు

మెకానిక్ కారు కిందకు దూరి ఇనుప కడ్డీతో ఎడమ ముందు చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌ను ఒక్కసారి ఎత్తాడు. ఆర్మ్‌ను కారుకు కలిపే చోట ఉండే వెనక బుష్‌లో రబ్బరు చిరిగి నోరు తెరిచింది. "బ్రేకు వేసినప్పుడల్లా చక్రం వెనక్కి జరిగి బయటికి తిరుగుతోందండీ. అందుకే లోపలి అంచు అరిగింది," అన్నాడు. ఏడాదిగా నేను టూరింగ్ టైర్ల మీద మోపిన నేరం ఆ అరచేతిలో పట్టే రబ్బరు ముక్కది.

రెండు వైపులా బుష్‌లు మార్చి, అలైన్‌మెంట్ చేయించాను. అవే పాత గుండు టైర్లతో ఇంటికి నడుపుతుంటే స్టీరింగ్ మధ్యలో నిలబడింది. పెర్ఫార్మెన్స్ మీది మోజులో సగం ఆ దారిలోనే దిగిపోయింది. ఇంకో సగం మిగిలే ఉంది, అబద్ధం ఎందుకు.

43వ రోజు

గోడ మీది కాగితం ముందు నిలబడి తేల్చుకున్నాను. తడిలో ఆగడం మొదటిది. పెర్ఫార్మెన్స్ ఆల్ సీజన్ టైర్లు సాధారణంగా ఇందులో ముందుంటాయి, నిజమే. కానీ టూరింగ్ టైర్లలో వాటిలో వాటికే ఉన్న తేడా, రెండు రకాల మధ్య తేడా కంటే పెద్దది. తడి పట్టులో 'ఏ' తరగతి వచ్చిన టూరింగ్ టైర్లు ఉన్నాయి, 'సి' తరగతి వచ్చినవీ ఉన్నాయి. నేను ఎంచుకోవాల్సింది ఆ అక్షరాన్ని.

ఆ అక్షరం సమానమైతే మిగతా విషయాలన్నీ టూరింగ్ వైపే మొగ్గాయి: ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు, వెనక సీట్లో నిద్రపోయే పిల్లలు, గుంతలు, మంచు రోజులు. పద్దెనిమిది అంగుళాల రిమ్ము ఆలోచన కూడా మానేశాను. గుంతలో పడినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ఉండేది ఆ సైడ్‌వాల్ ఒక్కటే, అందులో పన్నెండు మిల్లీమీటర్లు వదులుకోవడం నాకు నచ్చలేదు.

బావగారి ఎంపిక ఆయనకు సరైనదే. ఆయన ఇంటి దారి కొండ చుట్టూ మెలికలు తిరుగుతుంది, ఏడాదికి ఏడు వేల కిలోమీటర్లకు మించి తిరగరు, కారు నడపడమే ఆయనకు ఆటవిడుపు. ఆ మనిషికి టూరింగ్ టైర్లు అమ్మడం పాపం.

మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 లాంటి వి ఆకారపు గాడుల టైర్లు కూడా చూశాను. మంచులో వాటికి పేరుంది. కానీ అవి ఒకే దిశలో తిరగాలి, కాబట్టి అరుగుదల సమానం చేయడానికి ముందువి అదే పక్క వెనక్కి మాత్రమే మార్చగలం. నేను కుడి ఎడమలు కూడా మార్చుకునే వీలు కోరుకున్నాను. చివరికి లోపలి వైపు, బయటి వైపు వేరువేరుగా ఉండే టూరింగ్ టైరు తీసుకున్నాను: తడి పట్టు ఏ, ఇంధనం బి, మంచు బొమ్మ ఉంది, అదే కొలత, 94వి.

46వ రోజు

టైర్ల దుకాణంలో నాలుగు గంటలు.

ముందుగా హెచ్ అక్షరం ఉన్నవి తెచ్చారు. "210 దాకా వెళ్తుంది సార్, అంతకంటే ఎవరు వెళ్తారు?" అన్నాడు కుర్రాడు. ఎవరూ వెళ్లరు. కానీ వి అక్షరం కోసం ఉక్కు పట్టీల పైన వేసే నైలాన్ చుట్టు, వేడిని తట్టుకునే శక్తి వేరుగా ఉంటాయి, కారు తయారీదారు సస్పెన్షన్‌ను సరిచేసింది ఆ టైరుతోనే. తలుపు అంచున అంటించిన కాగితం చూపించాను. లోపలికి వెళ్లి వి తెచ్చారు.

నాలుగింటి తేదీలు చూశాను. మూడు ఒకే నెలవి, నాలుగోది రెండేళ్ల పాతది. మార్చమన్నాను. కుర్రాడి ముఖంలో నా మీద గౌరవం తగ్గుతూ ఉండడం కనిపించింది.

అన్నీ బిగించాక చుట్టూ తిరిగి చూస్తే ఎడమ వెనక టైరు మీద బయటి వైపు అనే ముద్ర కనిపించలేదు. అది లోపలికి పోయింది. పెద్ద గాడులున్న పక్క, గట్టి భుజం ఉన్న పక్క తారుమారైపోయాయి. మళ్లీ విప్పించాను. ఈసారి కుర్రాడే తల గోక్కుని నవ్వాడు.

47వ రోజు

దుకాణంలో గాలి తుపాకీతో బిగించిన నట్లు ఒక్కటి కూడా నా స్పానర్‌కు కదల్లేదు. దారిలో పంక్చర్ అయి స్టెప్నీ వేయాల్సి వస్తే ఏం చేసేవాడినో. పొడుగాటి గొట్టం తగిలించి ఒక్కొక్కటి వదులు చేసి, టార్క్ రెంచ్‌తో కారు పుస్తకంలో చెప్పిన 108 న్యూటన్ మీటర్లకు బిగించాను. 80 కి.మీ. నడిపాక మళ్లీ చూశాను, రెండు నట్లు కొద్దిగా తిరిగాయి.

గాలి 40 కొట్టి పంపారు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు 33కి దించాను. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడిపోతే ఒక పీఎస్ఐ దానంతట అదే తగ్గుతుంది కాబట్టి చలి మొదలవగానే మళ్లీ చూసుకోవాలి.

95 దగ్గర స్టీరింగ్ వణికింది. కుడి ముందు చక్రానికి మళ్లీ బ్యాలెన్సింగ్, ఇంకో 25 గ్రాముల సీసం. పోయింది.

58వ రోజు

కారు మళ్లీ పరుపులా ఉంది. కొత్త ట్రెడ్ 8 మి.మీ. ఎత్తున నిలబడి ఊగుతుంది, అచ్చు నుంచి తీసేటప్పుడు పూసిన నూనె జాడ మొదటి కొన్ని వందల కిలోమీటర్లు పైపొరలో ఉంటుంది. తెలిసిన విషయమే. తెలిసినా రెండు రోజులు తప్పు చేశానేమో అని మథనపడ్డాను. 700 కి.మీ. దాటాక కొంత సర్దుకుంది. పూర్తిగా కాదు. బావగారి చక్రాలతో తిరిగిన ఆ మొదటి మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

వెనక సీట్లో పిల్లలు మాత్రం ఊరు దాటకముందే నిద్రపోతున్నారు. ఫోను లెక్క 65.

81వ రోజు

వాన. అదే గోదాము, అదే టేపు. 50 నుంచి సగటు 12.8 మీటర్లు. పాత వాటి కంటే రెండు మీటర్లకు పైగా తక్కువ, బావగారి వాటి కంటే అర మీటరు ఎక్కువ. ఆయనవి సగం అరిగినవి, నావి కొత్తవి, వేడి కూడా ఆ రోజుది వేరు. కాబట్టి ఆయనవీ కొత్తవైతే ఆ అర మీటరు ఇంకా పెరగవచ్చు. ఆ బేరం ఒప్పుకునే తీసుకున్నాను. న్యూట్రల్ పరీక్ష 33 సెకన్లు.

124వ రోజు

ఉదయం లేచేసరికి రోడ్డంతా తెల్లగా ఉంది. ఏడున్నరకు బావగారి ఫోన్.

"నువ్వు ఆఫీసుకు ఇటువైపు నుంచే కదా వెళ్తావు?"

మంచులో బయటికి పోనన్న మనిషి. వాళ్ల వీధి ఎత్తు దగ్గర నా చక్రాలు ఒకసారి గిర్రున తిరిగి, పట్టుకుని, ఎక్కాయి. దిగేటప్పుడు మామూలు కంటే మూడు రెట్ల దూరం ముందే బ్రేకు మీద కాలు పెట్టాను. బొమ్మ ఉన్నా మంచు మంచే. ఆయన కారు గేటు పక్కన తెల్లటి దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. ఎక్కుతూ ఆయన నా ముందు టైరు గాడిలో వేలు పెట్టి చూసుకున్నారు.

131వ రోజు

3,900 కి.మీ. ముందు టైర్లు 7.4, 7.4. వెనకవి 7.7. ఎడమ ముందు లోపలి అంచు కూడా 7.4 ఉంది, బుష్ పని బాగానే చేసింది. 8,000 దగ్గర చక్రాలు మార్చాలి: ముందువి నేరుగా వెనక్కి, వెనకవి కుడి ఎడమలు మారి ముందుకు.

బావగారు తన టైర్లు కొలుచుకుంటానని గేజి పట్టుకెళ్లారు. సాయంత్రం ఫోన్ చేసి ఎస్ అక్షరం ఎక్కడ ఉండాలో అడిగారు. గాడి పక్కనే చూడమన్నాను. చాలాసేపు వెతికి, "లేదురా," అన్నారు. గేజి ఇంకా ఆయన దగ్గరే ఉంది.